గేటు బయట గడియారం

మాకు రీఫర్ (సరుకు గడ్డకట్టి ఉంచే ఫ్రిజ్ కంటైనర్) ట్రైలర్ తోలే బాబాయ్ ఒకాయన ఉన్నాడు, టెక్కలి వైపు మనిషి. ఆయన చొక్కా జేబులో ఎప్పుడూ ఒక ఎల్ఐసీ పాకెట్ డైరీ ఉంటుంది. అందులో ఇంటి లెక్కలూ చీటీల లెక్కలూ ఏమీ ఉండవు. ప్లాంటు దగ్గర బండి ఎప్పుడు పెట్టాడు, లోడింగ్ ఎప్పుడయింది, పోర్టు లైన్లో ఎప్పుడు చేరాడు, గేటు ఎప్పుడు దాటాడు, ఖాళీ బండితో బయటికి ఎప్పుడొచ్చాడు, ఈ ఐదు టైములూ పక్కన బాక్సు (కంటైనర్‌ని మేం బాక్సు అంటాం) నంబరూ, అంతే. ఎవరికి చూపిద్దామని రాస్తావు బాబాయ్ అని ఒకసారి అడిగితే "ఎవులికీ కాదు బాబూ, రాసీసుకుంటే కోపం తగ్గిపోద్ది" అన్నాడు.

నేను ఈ ఎక్స్‌పోర్ట్ డాక్యుమెంటేషన్ పనిలో పదిహేనేళ్లుగా ఉన్నా, ఎక్కువ రొయ్యలే, అప్పుడప్పుడూ మిర్చి, గ్రానైట్. పోర్టుల్లో కంటైనర్ల పని ఎలా బాగుపడాలి అని ఎవరు మొదలుపెట్టినా మాట చివరికి కొత్త క్రేన్లు, లోతైన బెర్తులు (ఓడ ఆగి సరుకు ఎక్కించి దించే చోట్లు), పెద్ద ఓడల దగ్గరికే వెళ్తుంది. నా గొడవ వేరే. పోర్టు పనితనాన్ని మనం ఓడ టైముతో కొలుస్తున్నాం, బాక్సు టైమునీ బండి టైమునీ ఎవరూ పట్టించుకోవట్లేదు, పైగా ఆలస్యం ఎవరివల్ల అయినా సరే దానికి డబ్బు కట్టేది మాత్రం ఎప్పుడూ కిందున్నవాడే. ఈ రెండో ముక్క మారితే తప్ప మొదటిది మారదని నా వాదన.

వైజాగ్‌లో ఉంటాను కాబట్టి వైజాగ్‌తోనే మొదలుపెడతా. ప్రపంచ బ్యాంకు, ఎస్ అండ్ పీ గ్లోబల్ కలిసి కంటైనర్ పోర్టులకి ర్యాంకులు ఇస్తారు. 2023 లెక్కల్లో విశాఖపట్నం టాప్ ఇరవైలోకి వచ్చింది, అంతకుముందు ఏడాది 115వ స్థానం. ఆ ఏడాది మన దేశంలో ఇంకే పోర్టూ అంత పైన లేదు, ముంద్రా కూడా 27. 1933లో మొదలైన పోర్టు మాది, ఔటర్ హార్బర్‌లో కంటైనర్ టెర్మినల్ వచ్చింది 2003లో, అలాంటిది ఇరవయ్యేళ్లకి అక్కడికి చేరిందంటే మాటలా, మా వాట్సాప్ గ్రూపులన్నీ ఊగిపోయాయి, నేనూ స్టేటస్ పెట్టుకున్నా. ఊరికే రాలేదు అది, ఆ ఏడాది క్రేను గంటకి 27 బాక్సుల పైన ఎత్తి దించింది, వచ్చిన ఓడ రోజు తిరక్కుండానే వెళ్లిపోయేది. ఆ పని చేసినవాళ్లకి దండం పెట్టాల్సిందే. కాకపోతే ఆ ర్యాంకు దేన్ని కొలుస్తుందో కూడా చూడాలి కదా. ఓడ పోర్టు హద్దుల్లోకి వచ్చిన దగ్గర్నుంచి పని ముగించుకుని బెర్తు వదిలేదాకా ఎంతసేపు పట్టింది అనేదే ఆ లెక్క. షీలానగర్ రోడ్డు మీద వరసగా ఆగి ఉన్న ట్రైలర్లు, కాన్వెంట్ జంక్షన్ దగ్గర బండి కింద గుడ్డ పరుచుకుని పడుకున్న క్లీనర్ కుర్రాడు, వీళ్లెవరూ ఆ లెక్కలోకి రారు.

బాక్సు టైము లెక్క అసలు లేదా అంటే ఉంది, దాని కథ ఇంకా బావుంటుంది. 2016లో ముంబై పక్కనున్న పోర్టు జేఎన్‌పీటీలో మొదలుపెట్టి కంటైనర్లకి దూరం నుంచే చదవగలిగే ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగులు వేయడం మొదలైంది, లాజిస్టిక్స్ డేటా బ్యాంక్ అంటారు దాన్ని, తర్వాత మిగతా పోర్టులకీ వచ్చింది. విశాఖలో బాక్సు పోర్టులో ఉండిపోయే టైము 2015లో 32.4 రోజులుండేదట, 2019కి 5.3 రోజులకి పడిపోయింది, ఇది కూడా ప్రపంచ బ్యాంకు 2023 రిపోర్టులో మాటే. నెల రోజుల నుంచి వారం లోపలికి! దీనికి ఆ రిపోర్టు చెప్పిన కారణం చాలా చిన్నది, బాక్సు ఎక్కడుందో అందరికీ కనబడటం మొదలైంది, అంతే. ఎక్కడ ఆగిందో తెలిస్తే ఎవరి దగ్గర ఆగిందో తెలుస్తుంది, తెలిస్తే ఫోన్లు వెళ్తాయి, ఫోన్లు వెళ్తే ఫైలు కదులుతుంది. మన ఆఫీసుల సంగతి తెలియనిదా.

అయితే ఇక్కడా సగటుతోనే తంటా. వాగు లోతు సగటు కట్టి, పర్వాలేదు దిగండని చెప్పిన కరణంగారి కథ మనందరం చిన్నప్పుడు విన్నదే. సగటు మూడు రోజులో ఐదు రోజులో అంటే మంచినీళ్లలా వెళ్లిపోయిన బాక్సుల్లో పదిహేను రోజులు పడున్న బాక్సు కలిసిపోయి కనబడదు. ఇంకోటి, ట్యాగు చదివే రీడర్లు టోల్ ప్లాజా దగ్గరా ఉంటాయి, పోర్టు గేటు దగ్గరా ఉంటాయి. ఈ రెండిటి మధ్యా బండి గంట నడిచిందా పది గంటలు నిలబడిందా అనేది ఒక టైములోంచి ఇంకో టైము తీసేస్తే తేలిపోయే లెక్క. అంటే కొలిచే పరికరం ఆల్రెడీ ఉంది. తేలినా ఆ ఆలస్యం ఎవరి ఖాతాలోనూ పడదు, అదీ సమస్య.

ఒక రాత్రి సంగతి చెప్తా. రెండేళ్ల కిందట, వానాకాలం. ఏ పోర్టో చెప్పను, మన రాష్ట్రంలోదో పక్క రాష్ట్రంలోదో కూడా చెప్పను. నలభై అడుగుల రీఫర్, లోపల పదిహేను టన్నుల పైన రొయ్య, మైనస్ 18కి సెట్ చేసి ఉంది. కటాఫ్, అంటే ఓడకి బాక్సు అందించాల్సిన ఆఖరి టైము, మర్నాడు పొద్దున్న ఆరింటికి. బాబాయ్ సాయంత్రం ఐదుకే లైన్లో చేరాడు, చేతిలో పదమూడు గంటలున్నాయి కదాని మేం ధీమాగా పడుకున్నాం. రాత్రి పదకొండున్నరకి ఫోను. "బాబూ, లైను కదలనేదు. జెన్‌సెట్‌లో డీజిల్ సాలదేటో." రీఫర్ రోడ్డు మీదున్నంతసేపూ దానికి కరెంటు ముందు తగిలించిన ఆ జెన్‌సెట్ నుంచే, అందులో ఎంత పోసి పంపారో అంతే. క్లీనర్ కుర్రాడు రెండు క్యాన్లు పట్టుకుని వానలో లారీల సందుల్లోంచి నడిచి, ఎవడో బైకువాడిని బతిమాలుకుని బంకుకి వెళ్లి వచ్చేసరికి జెన్‌సెట్ ఆగిపోయింది. బాబాయ్ డిస్‌ప్లే ఫొటో తీసి పంపాడు. మైనస్ 15.8. ఈ రీఫర్ లోపల టెంపరేచర్ గంట గంటకీ రికార్డవుతూనే ఉంటుంది, రేపు అమెరికాలో కొన్నవాడు అడిగితే తీసి చూపించాల్సిందే, మనం తర్వాత సర్దుకుందాంలే అనడానికి వీల్లేదు.

తెల్లవారుజామున మూడు నలభైకి బండి గేటు కిటికీ దగ్గరికి చేరింది. లోపలి కుర్రాడు కంప్యూటర్లో చూసి, ఈ నంబరు లేదు, బండి పక్కకి తీయి అన్నాడు.

తప్పు నాదే. గేటు ఫారంలో బాక్సు నంబరు కొట్టేటప్పుడు రెండు అంకెలు తారుమారు చేశాను. నాలుగింటికి లేచి లాప్‌టాప్ తెరిచి ఆ రెండంకెలూ చూసుకున్నప్పుడు కడుపులో ఎలా ఉంటుందో ఈ ఫీల్డులో వాళ్లకి చెప్పక్కర్లేదు. దిద్దుదామంటే లైనర్ (ఓడ కంపెనీ) ఆఫీసు నుంచి ఎవరో అప్రూవ్ చేయాలి, ఆయన సీట్లోకి వచ్చేది తొమ్మిదిన్నరకి. ఆరింటికి కటాఫ్ దాటిపోయింది. బాక్సు వెనక్కి తెచ్చి ప్లగ్ పాయింట్ ఉన్నచోట పెట్టి వారం ఆగి తర్వాతి ఓడకి ఎక్కించాం. ప్లగ్ చార్జీలు, రెండోసారి బండి కిరాయి, ఓడ మార్చినందుకు లైనర్ రోలోవర్ కింద వేసింది అన్నీ కలిపి లక్ష దాటింది. మనం ఎక్కించలేకపోయిన ఆ ఓడ ఆ సాయంత్రం చక్కగా టైముకే బయల్దేరింది. ఆ పోర్టు రికార్డులో ఆ రోజు మంచి రోజు.

తప్పు నాదని ఒప్పుకున్నాక కూడా ఒక మాట మిగిలే ఉంది. కంటైనర్ తలుపు మీద నంబరు చూస్తే నాలుగు అక్షరాలు, ఆరు అంకెలు, చివర చిన్న చదరపు గడిలో ఒక అంకె వేరుగా ఉంటుంది. ఆ చివరి అంకె ఊరికే లేదు. ముందున్న అక్షరాలనీ అంకెలనీ ఒక లెక్క ప్రకారం గుణించి కూడి భాగిస్తే ఆ అంకె రావాలి, ఎవడైనా ఒక అంకె తప్పు కొట్టినా, రెండు అటూ ఇటూ చేసినా దాదాపు ప్రతిసారీ దొరికిపోతాడు. ప్రపంచమంతా ఒప్పుకున్న ఐఎస్ఓ పద్ధతి, దశాబ్దాల నుంచీ ఉంది. నేను నంబరు కొట్టిన ఆ పోర్టల్ ఆ లెక్క చేసి చూసుంటే నా టేబుల్ దగ్గరే, మధ్యాహ్నం మూడింటికే, టీ తాగుతూ దిద్దుకునేవాణ్ణి. పోర్టల్ చూడలేదు, సరే అని తీసుకుంది. తప్పు బయటపడింది పదిన్నర గంటలు లైన్లో నిలబడ్డాక, అన్నిటికంటే ఖరీదైన చోట. ఒక రోజులో ప్రోగ్రామర్ రాసిపడేసే నాలుగు లైన్ల పని ఎవరూ ఎందుకు చేయించలేదు? చేయించాల్సినవాడికి దానివల్ల పైసా నష్టం లేదు కాబట్టి.

అసలు ఈ డబ్బు ఎటునుంచి ఎటు పారుతుందో చూడండి. ఎంప్టీ (ఖాళీ బాక్సు) తీసుకుని ఫ్రీ డేస్ (చార్జీ లేని రోజులు) దాటితే లైనర్ ఎక్స్‌పోర్టర్ దగ్గర డిటెన్షన్ అని చార్జీ వసూలు చేస్తుంది. టెర్మినల్‌లో ఎక్కువ రోజులుంటే గ్రౌండ్ రెంట్, అదీ ఎక్స్‌పోర్టరో ఇంపోర్టరో కట్టాలి. ఎక్స్‌పోర్టర్ పోయి ట్రాన్స్‌పోర్టర్ కిరాయిలో కోస్తాడు, ట్రాన్స్‌పోర్టర్ డ్రైవర్ బత్తాలో కోస్తాడు. ఓడే రెండు రోజులు లేటుగా వస్తే? కటాఫ్ మారింది అని ఒక మెయిల్ వస్తుంది, అప్పటికే రోడ్డెక్కిన బండి రోడ్డు మీదే ఉంటుంది, ఆ ఖర్చూ మనదే. గేటు సర్వర్ పడిపోయి నాలుగు గంటలు ఆగితే ఎవరూ ఎవరికీ రూపాయి ఇవ్వరు. వానంతా పల్లానికే పోయినట్టు ఆలస్యం ఖర్చంతా ఆ బాబాయ్ డైరీలోకి పోయి ఆగుతుంది. పైనున్నవాడికి నొప్పి తెలియకపోతే వాడు ఎందుకు మారతాడండీ, నేనైనా మారను.

యార్డు లోపల సంగతి కూడా కొంచెం చెప్పాలి, ఎందుకంటే బయటివాళ్లు టెర్మినల్ అంటే పెద్ద గోడౌన్ అనుకుంటారు. అక్కడ బాక్సులు ఒకదాని మీద ఒకటి ఉంటాయి. ఐదెత్తు పేర్చారనుకోండి, అడుగున ఉన్నది కావాలంటే పైన నాలుగు దించాలి, పైదే అయితే ఏదీ దించక్కర్లేదు, ఏది కావాలో ముందు తెలియకపోతే సగటున ఒక్క బాక్సు తీయడానికి రెండు బాక్సులు ఊరికే కదపాలి. డబ్బు రాని పని అది. మూడెత్తే పేరిస్తే సగటున ఒక్కటే. కానీ స్థలం లేక ఎత్తు పెంచుతారు, ఎత్తు పెరిగేకొద్దీ ఆ వృథా కదలికలు పెరుగుతాయి, అవి పెరిగితే యార్డు క్రేను కింద బండి ఎదురుచూస్తుంది, లోపల బండి ఆగితే బయట లైను పెరుగుతుంది. ఇదంతా ఏ బండి ఎప్పుడొస్తుందో తెలియకపోవడం వల్ల. రేపు పది నుంచి పదకొండు లోపల ఫలానా బాక్సు కోసం బండి వస్తుంది అని ముందు రోజే తెలిస్తే రాత్రి ఖాళీగా ఉన్న టైములో దాన్ని పైకి తెచ్చి పెట్టుకోవచ్చు. మా అమ్మ పొద్దున్న టిఫినుకి కావాల్సిన గిన్నె రాత్రే పైన పెట్టుకుంటుంది, ఇదీ అదే తెలివి. ఎక్స్‌పోర్టులోనూ అంతే, బరువు, ఏ పోర్టుకి వెళ్లాలో ముందే కరెక్టుగా తెలిస్తే ఓడ ఎక్కే వరసలో పేర్చుకుంటారు. 2016 జులై నుంచి ప్రతి బాక్సుకీ తూకం ముందే చెప్పి తీరాలని అంతర్జాతీయ రూలే ఉంది, వీజీఎం అంటాం. కాగితం మీద ఇస్తున్నాం కదాని మనం దాన్ని కాగితంలాగే చూస్తున్నాం.

మా వైపు తప్పులూ తక్కువ కాదు, ఇది రాయకపోతే టెర్మినల్‌లో పనిచేసే స్నేహితులు నన్ను ఊరుకోరు. గేటు మూడు నాలుగు రోజుల ముందే తెరుస్తారు, మేం వెళ్లం. ప్లాంటులో సరుకు తయారయ్యేది చివర్లో, ఇన్‌స్పెక్షన్ చివర్లో, బయ్యర్ లేబుల్ మార్చమనేది ఇంకా చివర్లో. అందరం కటాఫ్ ముందు రోజు సాయంత్రమే బయల్దేరతాం, పెళ్లి భోజనాలకి మొదటి బంతిలోనే అందరూ కూర్చోవాలన్నట్టు. 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి పోతోందన్న రోజుల్లో మా దగ్గర ఒక్కో రోజుకి ఒక్కో ధర అన్నట్టుండేది, ఎవరి బాక్సు ముందు పోతే వాడు బతికాడు. అలాంటప్పుడు వరస పాటించండి అని ఎవరికి చెప్తాం.

ఈ రద్దీని డబ్బుతో సర్దుదామని అమెరికాలో చూశారు. లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ పోర్టుల్లో 2005 నుంచి పగలు వచ్చే బాక్సుకి ఫీజు, రాత్రి వస్తే లేదు అన్నారు. సగం బండ్లు రాత్రికి మారాయి, మంచిదే, కానీ ఫీజు పోయే టైము సాయంత్రం ఆరు అయ్యేసరికి ఐదింటి నుంచే గేటు బయట బండ్లు బారులు తీరి ఆరు కొట్టేదాకా ఎదురుచూడటం మొదలైంది. క్యూ పోలేదు, టైము మార్చుకుంది అంతే. 2018లో అది తీసేసి రెండు షిఫ్టులకీ ఒకే ఫీజు పెట్టి అపాయింట్‌మెంట్ల పద్ధతికి వచ్చారు.

నాకు నచ్చింది సిడ్నీ వాళ్లు చేసింది. పోర్ట్ బోటనీలో 2011 నుంచి రూలు పెట్టారు, ప్రతి బండికీ స్లాటు ఉంటుంది, స్లాటుకి బండి లేటుగా వస్తే ట్రాన్స్‌పోర్టర్ టెర్మినల్‌కి పెనాల్టీ కట్టాలి. ఇంతవరకు మనవాళ్లు కూడా సంతోషంగా పెట్టేస్తారు. రెండో సగం ఏంటంటే, టైముకి వచ్చిన బండిని చెప్పిన టైములో పని చేసి పంపకపోతే టెర్మినల్ ట్రాన్స్‌పోర్టర్‌కి పెనాల్టీ కట్టాలి. అదీ టెర్మినల్ దయతో కాదు, ప్రభుత్వ రూలు. మొదటిసారి చదివినప్పుడు రెండుసార్లు చదివాను, టెర్మినల్ ఒక లారీ ఓనర్‌కి డబ్బు కట్టడమా! రోడ్డు మీద క్యూలు తగ్గాయి, బండి లోపలికెళ్లి బయటికొచ్చే టైము పద్ధతిలోకి వచ్చింది. అంతా సత్యకాలం అనడంలేదు, తర్వాత్తర్వాత అక్కడి టెర్మినళ్లు ఇన్‌ఫ్రాస్ట్రక్చర్ చార్జీ అని వేరే పేరుతో బండ్ల మీదే వడ్డించడం మొదలుపెట్టాయి, ప్రతి ఏడాదీ దాని మీద అక్కడ గోలే. తెలివైనవాడు ఎక్కడో అక్కడ రాబట్టుకుంటాడు. అయినా ఆలస్యానికి రెండువైపులా ధర ఉండాలన్న సూత్రం మాత్రం నిలబడింది.

ఇది మా మీటింగుల్లో ఎత్తినప్పుడల్లా వచ్చే జవాబు ఒకటుంది, "సార్, ఇక్కడ గంట తగ్గించి ఏం చేస్తారు, ఎలాగూ కొలంబోలో వారం ఆగుతుంది కదా." నిజమే, మన తూర్పు తీరం బాక్సుల్లో చాలా వాటికి కొలంబోలోనో సింగపూర్‌లోనో ఓడ మారక తప్పదు, మన దేశం ట్రాన్స్‌షిప్‌మెంట్‌లో (ఈ ఓడ మార్చే పనిలో) నాలుగింట మూడొంతులు బయటి పోర్టుల్లోనే జరుగుతోందని ప్రభుత్వమే చెప్తూ వచ్చింది. ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడుల గొడవ మొదలయ్యాక 2024లో అక్కడి రద్దీ ఎలా ఉందో మేం అనుభవించాం. ఇప్పుడు కేరళలో విళింజం పోర్టు వచ్చింది, 2025 మే 2న ప్రధాని ప్రారంభించారు, ఇరవై నాలుగు వేల బాక్సుల ఓడ ఎంఎస్‌సీ ఇరీనా కూడా జూన్‌లో అక్కడికొచ్చింది, చూద్దాం. కానీ కొలంబోలో వారం పోతుంది కాబట్టి ఇక్కడ పదిన్నర గంటలు పర్వాలేదనడం నాకెక్కదు. ఫీడర్ ఓడ (పెద్ద ఓడ దాకా బాక్సులు చేర్చే చిన్న ఓడ) ఇక్కడ తప్పితే కొలంబోలో పెద్ద ఓడ తప్పుతుంది, పదిన్నర గంటలు అక్కడికెళ్లి పది రోజులవుతాయి. పైగా కొలంబోలో ఆగిన బాక్సు ప్లగ్‌లో ఉంటుంది, దాని కోసం ఎవడూ క్యాను పట్టుకుని వానలో నడవడు.

రెండో జవాబు, నచ్చకపోతే వేరే పోర్టుకి వెళ్లండి అని. ఎక్కడికి? నెల్లూరు రొయ్య నెల్లూరు పక్కనున్న కృష్ణపట్నం నుంచి కంటైనర్లలో వెళ్లేది, 2024 మొదట్లో అక్కడ కంటైనర్ల పని ఆగిపోయాక అదంతా మద్రాసు వైపు పట్టాల్సి వచ్చింది, ముప్ఫై కిలోమీటర్ల పని నూట యాభై దాటింది. హైదరాబాద్ ఫార్మా వాళ్లకైనా సనత్‌నగర్ డిపోలో బాక్సు రైలెక్కించే దారుంది, చెరువు గట్టు నుంచి వచ్చే రొయ్యకి అదీ లేదు. 2023-24లో దేశం అమ్మిన సముద్ర ఉత్పత్తులు 60,523 కోట్లవి, అందులో సింహభాగం గడ్డకట్టిన రొయ్య, దాంట్లో పెద్ద వాటా గోదావరి, కృష్ణా, నెల్లూరు చెరువులది. ఇంత సరుకున్నవాడికి కూడా పోర్టు ముందు చెయ్యి పైన లేదు, బండి తోలేవాడి సంగతి ఇక వేరే చెప్పాలా.

కాబట్టి కొత్త క్రేన్లు కొనద్దని అనట్లేదు, కొనండి. నేనడిగేది చవకది. టోల్ టైముకీ గేటు టైముకీ మధ్య తేడా పోర్టు వారీగా ప్రతి నెలా బయట పెట్టండి, సగటు ఒక్కటే కాదు, అందరికంటే ఎక్కువ ఆగిన పదో వంతు బండ్లు ఎంతసేపు ఆగాయో కూడా. పోర్టల్ నంబరు తీసుకునేటప్పుడే ఆ చివరి అంకె లెక్క చూడమనండి. స్లాటు పెట్టండి, స్లాటు తప్పితే మమ్మల్ని కొట్టండి, మీరు తప్పితే మాకు కట్టండి. గేటు బయట బండ్లు ఆగేచోట నాలుగు మరుగుదొడ్లు, రెండు రీఫర్ ప్లగ్ పాయింట్లు పెట్టండి. ఈ చివరిది ఏ ర్యాంకులోనూ లెక్కకి రాదు, అందుకే ఎక్కడో గానీ కనబడదు. ట్రైలర్ డ్రైవర్లు దొరకట్లేదని ట్రాన్స్‌పోర్టర్లందరూ మొత్తుకుంటున్నారు, బాబాయ్ కొడుకు ఈ పనిలోకి రానన్నాడు, హైదరాబాద్‌లో క్యాబ్ తోలుకుంటున్నాడు.

మొన్న డైరీ ఒకసారి ఇవ్వు బాబాయ్, ఫొటోలు తీసుకుంటా అన్నాను. ఎందుకూ అన్నాడు. మా ట్రాన్స్‌పోర్టర్‌కి వెయిటింగ్ చార్జీ బిల్లు పెట్టిద్దాం, ఒకసారి అడిగి చూద్దాం అన్నాను. ఇచ్చాడు. ఆరు నెలల పేజీలు ఎక్సెల్లో ఎక్కించి, ఎనిమిది గంటలు దాటినవి ఎర్ర రంగు వేసి పంపాను. ట్రాన్స్‌పోర్టర్ ఫోన్ చేసి నవ్వాడు, "గురువుగారూ, ఇది నేనెవరికి పంపాలి?" అన్నాడు. నిజంగానే ఎవరికి పంపాలో నాకూ తెలియలేదు. బాబాయ్‌కి డైరీ తిరిగిచ్చేటప్పుడు ఆ మాట చెప్పలేక, చూస్తున్నారట అన్నాను. ఆయన అప్పటికే ఆ రోజు పేజీలో ప్లాంటు టైము రాసుకుని, దానికింద నాలుగు గీతలు ఖాళీ వదిలి, బండెక్కేశాడు.